ప్రొప్రియోసెప్షన్

చీకట్లో తిన్నా అన్నం ముద్ద నోరు తప్పిపోదు. కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో, ఎటు కదులుతున్నాయో చూడకుండానే తెలిపే ఈ జ్ఞానమే ప్రొప్రియోసెప్షన్. ఈ పేరు పెట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్, 1906లో. కండరం ఎంత సాగింది, ఎంత బలం పడింది అన్నది అందులోని, దాని స్నాయుబంధనాల్లోని గ్రాహకాలు ఎప్పటికప్పుడు మెదడుకు చేరవేస్తుంటాయి. పంచేంద్రియాల జాబితాలో దీనికి చోటు లేకపోవడం అన్యాయమే!

2021 వైద్య నోబెల్‌తో ఈ మాట వార్తల్లోకెక్కింది. డేవిడ్ జూలియస్‌తో కలిసి ఆ బహుమతి అందుకున్న ఆర్డెమ్ పటాపుటియన్ బృందం, కణాలను సన్నని పిపెట్‌తో పొడుస్తూ 72 జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి చూసింది. చివరిదాన్ని ఆపాకే కణం ఉలకడం మానింది. అది పీజో1. దాన్ని పోలిన పీజో2 ఈ జ్ఞానానికి కీలకమని తర్వాత తేలింది. పుట్టుకతోనే అది పనిచేయనివాళ్లు చాలా అరుదు. కళ్లకు గంతలు కడితే వాళ్లకు నడవడం చాలా కష్టం.

1971లో ఓ 19 ఏళ్ల బ్రిటిష్ యువకుడికి జబ్బుచేసి మెడ కింద ఈ జ్ఞానం, స్పర్శ పోయాయి. కండరాల్లో సత్తువ ఉన్నా లేచి కూర్చోలేకపోయాడు. ప్రతి కదలికనూ కళ్లతో కనిపెడుతూ మళ్లీ నడక నేర్చుకున్నాడు. నరాల వైద్యులు పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమనేది ఈ జ్ఞానాన్ని పరీక్షించడానికే.