గేరుబాక్సుకు జ్వరం వస్తే

సావనీరుకు ఏదైనా రాసి పంపమని యూనియన్ మిత్రులు అడిగారు. కవిత్వం రాసేవారికి మన కాలేజీలో ఏనాడూ కొరత లేదు కనుక, మెకానికల్ బ్రాంచిలో చదువుకున్నవాణ్ణి, నాకు చేతనైన యంత్రాల సంగతే రాస్తున్నాను. విషయం కాస్త జిడ్డుగా ఉంటుంది. పాఠకులు ఓపిక పట్టాలి.

మా ఇల్లు మన్సూరాబాదులో. ఇటు ఎల్బీనగర్ చౌరస్తా, అటు ఆటోనగర్. విజయవాడ హైవేకు ఇంత దగ్గరగా ఉండబట్టి, బంధువుల్లో స్నేహితుల్లో ఎవరి బండికి ఏ జబ్బు చేసినా ముందు మా గేటు దగ్గర ఆగి, ఆ తర్వాతే షెడ్డుకు పోతుంది. ఇదివరకు వచ్చే ఫిర్యాదులు క్లచ్ ప్లేటు అరిగిందనో, రెండో గేరు పడటం లేదనో ఉండేవి. ఇప్పుడు క్లచ్ పెడలే లేని బండ్లు ఇంటింటికీ వచ్చాయి. ఫిర్యాదూ మారింది. "గేరుబాక్సు వేడెక్కింది, బండి ఆపండి అని డాష్‌బోర్డు మీద పడుతోంది. ఇంజను టెంపరేచరు ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. ఇది నిజమా, అబద్ధమా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్న నన్ను అందరికంటె గట్టిగా అడిగినవాడు మా బ్యాచ్‌వాడే ఒకడు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం పెట్టి ఒక కారవాన్ కట్టించుకున్నాడు. సినిమా షూటింగుల దగ్గర కనిపించేంత భారీ బండి కాదు. ఆటోమేటిక్ గేర్లున్న ఒక పికప్ ఛాసిస్ మీద చిన్న గది. రెండు పడకలు, గ్యాసు పొయ్యి, మరుగుదొడ్డి, అడుగున రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు. వాళ్లమ్మగారికి ఎనభై దాటాయి. మోకాళ్లు వంగవు, ఎక్కడికి పోయినా బాత్‌రూము గురించే దిగులు. శ్రీశైలం మల్లన్నను చూడాలని ఆమె కోరిక. ఈ బండి కట్టించిందే అందుకు.

హైదరాబాదు నుంచి ఆ దారి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. మన్ననూరు దాటాక నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రిళ్లు చెక్‌పోస్టు మూసేస్తారు. చాలా దూరం ఫోను పలకదు. దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణ దాకా దిగాలి, డ్యాము దిగువన వంతెన దాటాలి, మళ్లీ సున్నిపెంట వైపు మలుపులు తిరుగుతూ ఎక్కాలి. ఆ ఎక్కుడులోనే, పొద్దు వాలే వేళకు, మావాడి బండిలో ఎర్రదీపం వెలిగింది. అదృష్టంకొద్దీ అక్కడ సిగ్నలుంది. నాకు ఫోను చేశాడు.

అతనికి నేనేం చెప్పానో తర్వాత రాస్తాను. ముందు ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలి. తెలియకపోతే మిగతాదంతా మంత్రం చదివినట్టుంటుంది.

మామూలు గేరు బండిలో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పాతకాలపు ఆటోమేటిక్ పద్ధతిలో ఆ స్థానంలో టార్క్ కన్వర్టరు ఉంటుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు, అదీ ఓడల కోసం. కారులో పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సును అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో అమ్మకానికి తెచ్చారు. కన్వర్టరు లోపల జరిగేదాన్ని మన వంటింట్లోనే చూడవచ్చు. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు కుండను వదిలేస్తే, తిరిగే మజ్జిగతో పాటు కుండ కూడా తిరగబోతుంది. కవ్వం ఇంజను, కుండ చక్రాల వైపు, మధ్యలో మజ్జిగ లాంటిది ఎర్రటి గేరుబాక్సు ఆయిలు. ఇనుముకు ఇనుము తగలదు, ఆయిలే తోస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి బ్రేకు తొక్కినా ఇంజను ఆగిపోదు.

ఇప్పుడు కుండను గట్టిగా పట్టుకుని చిలకండి. చేతుల కష్టమంతా ఎక్కడికి పోయింది? మజ్జిగను వేడి చేయడానికే పోయింది. పాపం జూల్ దొర నీళ్లు చిలికి నిరూపించింది ఇదే గదా! కవ్వం వేగానికీ కుండ వేగానికీ ఎంత తేడా ఉంటే ఆయిలు అంత వేడెక్కుతుంది. ఈ నష్టం తప్పించడానికే బండి కాస్త వేగం అందుకోగానే రెంటినీ కలిపి బిగించే లాకప్ క్లచ్ ఒకటి పెట్టారు. అది బిగిసి ఉన్నంతసేపు జారుడు లేదు, వేడి తక్కువ. నిటారు ఎత్తులో, తక్కువ వేగంలో అది విడిపోతుంది. కష్టాలు అక్కడ మొదలవుతాయి.

లెక్క వేసి చూద్దాం. తర్వాత ఆటోనగర్ ధర్మకాంటా మీద తూస్తే మావాడి బండి సుమారు 3,300 కిలోలు తూగింది. నూటికి ఏడు వంతుల ఎత్తున్న రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో అంత బరువును పైకి లాగడానికే 19 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడికి ఇంకో నాలుగు. అంటే చక్రాల దగ్గర 23. కన్వర్టరు జారుతూ నూటికి 75 వంతులే అందిస్తున్నదనుకుంటే ఇంజను దాదాపు 31 ఇవ్వాలి. మిగతా ఏడెనిమిది కిలోవాట్లూ ఆయిల్లో దిగుతాయి. బకెట్లో పెట్టే నీళ్ల హీటరు ఒక కిలోవాటు. అలాంటివి ఏడెనిమిది తీసుకుని ఎనిమిది లీటర్ల ఆయిల్లో ముంచినట్టు! కూలరు ఏమీ చేయకపోతే నిమిషానికి 30 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. ఇంజను ముల్లు మధ్యలోనే ఉండి గేరుబాక్సు ఉడికిపోవడంలో వింతేమీ లేదు. ఆ ముల్లు చూసేది ఇంజను చుట్టూ తిరిగే నీళ్లను, ఈ ఆయిలును కాదు.

ఆయిలు మామూలుగా 80, 90 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉండాలి. 80 దాటాక ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతుందని వర్క్‌షాపుల్లో ఒక పాత లెక్క ఉంది. అచ్చంగా అంతేనని కాదు గాని, దిశ సరైనదే. మావాడు ఓబీడీ సాకెట్లో పెట్టిన చిన్న స్కానరు ఆ సాయంత్రం 132 చూపించింది. ఆ లెక్కన అక్కడ ఆయిలు పాతికో వంతు ఆయుష్షు మీద నడుస్తున్నది. ఆయిలు మాడితే లోపలి క్లచ్ పట్టీలు జారతాయి, జారితే ఇంకా వేడి, ఆపైన గేరుబాక్సు మొత్తం మార్చడమే. పింఛను మీద బతికేవాడికి అది చిన్న మాట కాదు.

మావాడు ఫోనులో మొదట అన్న మాట ఇది: "అరేయ్, బండి వెనక్కి తిప్పి న్యూట్రల్‌లో వంతెన దాకా వదిలేస్తా. గేరుబాక్సుకు పని ఉండదు, చల్లబడుతుంది."

వద్దన్నాను, కొంచెం గట్టిగానే. గేరుబాక్సు పోతే డబ్బు పోతుంది. ఘాటు దిగుడులో న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోతుంది, మూడు టన్నుల పైచిలుకు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి లైనర్లు కాగి, పెడలు తొక్కినా పట్టవు. బండిలో ముసలావిడ ఉన్నది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్ల పాత సూత్రం. గేర్లు తమంతట తామే పడే కాలం వచ్చినా దానికి సవరణ రాలేదు.

నేను చెయ్యమన్నది వేరు. రోడ్డు వెడల్పున్న చోట పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, లీవరు పార్కులో పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టమన్నాను. ఏసీ ఆపి, ఇంజను మాత్రం ఆపకుండా కాస్త రేజు చేసి 1,200 దగ్గర తిప్పమన్నాను. ఇంజను ఆపుదామని అందరికీ తోస్తుంది. కాని ఆయిలును కూలరు దాకా తోసే పంపును తిప్పేది ఇంజనే. దాన్ని ఆపితే కాగిన ఆయిలు ఉన్నచోటే మగ్గుతుంది. (పొగ వస్తున్నా, కింద ఆయిలు కారుతున్నా సంగతి వేరు. అప్పుడు ఇంజను ఆపి, మనుషుల్ని దింపి దూరంగా నడవాల్సిందే.) ఇరవై నిమిషాలకు స్కానరులో అంకె 98కి దిగింది. అప్పుడు లీవరును మాన్యువల్ వైపు జరిపి, రెండో గేరులో, ఏసీ లేకుండా, ఇంజను హుషారుగా తిరిగే వేగంతో ఎక్కమన్నాను. డీలో వదిలేస్తే అది పై గేరుకు పోవడం, లాగలేక కింద గేరుకు రావడం, మళ్లీ పోవడం, ఈ ఊగిసలాటలో లాకప్ బిగవదు. నీళ్ల ట్యాంకు కూడా ఖాళీ చెయ్యమన్నాను. రెండు వందల కిలోలంటే ఆ ఎత్తులో కిలోవాటు పైచిలుకు. "అమ్మకు నీళ్లు లేకుండా ఎట్లా?" అని సగమే వదిలాడు. దర్శనం అయింది.

తిరిగొచ్చాక బండి మా ఇంటి ముందు మూడు రోజులుంది. ఇక్కడ విద్యార్థి మిత్రులు కాస్త శ్రద్ధ పెట్టాలి, రోగనిర్ణయం ఇదే కనుక.

మొదట తేల్చుకోవలసింది, దీపం చెప్పేది నిజమేనా అని. రాత్రంతా నిలిపిన బండిని తెల్లారి స్టార్టు చేయకముందే స్కానరుతో చూడాలి. గేరుబాక్సు ఆయిలు, ఇంజను నీళ్లు, బయటి గాలి, మూడూ రెండు మూడు డిగ్రీల తేడాతో ఒకటే చెప్పాలి. గేరుబాక్సు ఒక్కటే 60 అంటుంటే సెన్సారో, వైరో చెడిందన్నమాట. మావాడి బండిలో మూడూ కలిశాయి.

తర్వాత, వేడి ఎప్పుడు ఎక్కుతున్నది? జబ్బు పేరు చాలావరకు ఈ ప్రశ్నలోనే ఉంది. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడే ఎక్కితే గాలి ఆడటం లేదు, ఫ్యాను చూడాలి. ఎత్తుల్లోనే ఎక్కితే బరువు, గేరు, కూలరు చాలకపోవడం. చదునైన హైవే మీద నింపాదిగా పోతున్నా ఎక్కితే అది చెడ్డ లక్షణం. లాకప్ బిగవడం లేదు, లేదా ఆయిలు తక్కువైంది, లేదా ఏదో చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. లాకప్‌కు సులువైన పరీక్ష ఉంది. గంటకు 80 దగ్గర, వెనక బండ్లు లేనప్పుడు, యాక్సిలరేటరు కదపకుండా ఎడమ కాలితో బ్రేకును తాకీ తాకనట్టు తాకాలి. లాకప్ విడిపోయి ఇంజను తిరుగుడు రెండు మూడు వందలు పైకి లేవాలి, వదిలితే మళ్లీ దిగాలి. లేవలేదంటే అసలు బిగవనే లేదు. హయత్‌నగర్ దాటాక చూశాము. లేచింది, దిగింది. గేరుబాక్సు లోపల ఆరోగ్యమే.

ఆయిలు మట్టం చూడటం కూడా తేలిక కాదు. ఇంజను ఆయిల్లాగా బండి ఆపి గజంపుల్ల తీసి చూస్తే చాలదు. చాలా కొత్త బండ్లకు ఆ పుల్లే లేదు. సమతలం మీద, ఇంజను నడుస్తుండగా, కంపెనీ చెప్పిన వేడి దగ్గర, కింది ప్లగ్గు విప్పి చూడాలి. మట్టం సరిగానే ఉంది. రంగు ఎరుపు పోయి టీ డికాక్షను లాగా ఉంది, వాసన మాడు. మెత్తని నలుపు తప్ప ఇనుప రజను లేదు, అది నయం.

ఆఖరికి కూలరు. ఆయిలు పోయే గొట్టం, వచ్చే గొట్టం రెంటి వేడీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచాము. లోనికి మరిగిపోతూ వెళ్లి చాలా చల్లగా, సన్నగా వస్తుంటే లోపల ఎక్కడో అడ్డం పడిందని అర్థం. ఇక్కడ రెండూ దాదాపు ఒకే వేడి. ఆయిలు పారుతున్నది, వేడిని ఎత్తుకుపోయే గాలే లేదు. వంగి చూస్తే కనిపించింది. షోకు కోసం ముందు బిగించిన ఇనుప గార్డు, దాని మీద నాలుగు లైట్లు, వెడల్పాటి నేమ్‌ప్లేటు, అన్నీ కలిసి సరిగ్గా కూలరుకు ఎదురుగా గోడ కట్టాయి. అడుగున నీళ్ల ట్యాంకు గేరుబాక్సు పక్కకు చేరి, కింద ఆడే గాలిని కూడా మూసింది. బాడీ కట్టినవారు గది ముచ్చటగా కట్టారు, కాదనను. గాలికి కూడా దారి కావాలన్నది వారి కొలతల్లో లేదు. దీనికి తోడు ఆర్సీలో ఉన్న మొత్తం బరువు కంటె మూడు వందల కిలోలు ఎక్కువ తూగింది. గార్డు, లైట్లు పీకించాము. సొంత ఫ్యానున్న అదనపు కూలరు ఒకటి ఆటోనగర్‌లో బిగించారు. ఆయిలు, ఫిల్టరు మార్చారు.

కారవాన్ లేనివారికి ఇదంతా దేనికంటారా? సంక్రాంతికి ఎల్బీనగర్ నుంచి విజయవాడ వైపు కదిలే కార్లను చూడండి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వరస. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయినా పండగ రద్దీ పండగ రద్దీయే. ఈ కార్లలో చాలావాటికి టార్క్ కన్వర్టరు కాదు, కంప్యూటరు తొక్కే మామూలు క్లచ్చో, రెండు క్లచ్చుల డీసీటీయో ఉంటుంది. కొన్ని డీసీటీల క్లచ్ పట్టీలు ఆయిల్లో మునిగి ఉండవు, పొడివి. ముందు కారుకు అంగుళం ఖాళీ ఇవ్వకుండా బ్రేకు మీద కాలు సగం లేపి పాకించుకుంటూ పోతే, ఆ పట్టీ సగం పట్టి సగం జారుతూ రాపిడికి కాగిపోతుంది. ముందు బండిని రెండు కార్ల దూరం పోనిచ్చి, ఒక్కసారి కదిలి, పూర్తిగా ఆగండి. మధ్యలో ఎవడో దూరతాడు. దూరనివ్వండి. ఫ్లైఓవరు ఎక్కుడు మీద ఆగినప్పుడు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టకండి. నిలబెట్టడానికి బ్రేకుంది.

మావాడు ఈ చలికాలంలో మళ్లీ శ్రీశైలం వెళ్లొచ్చాడు. సున్నిపెంట ఎక్కుడులో రెండో గేరులో, అంకె 104 దాటలేదట. బరువు తగ్గించమంటే పాత సామాను కొంత దించాడు గాని, నీళ్ల ట్యాంకు జరపడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. ఖాళీగా తీసుకుపోయి సున్నిపెంటలో నింపుకునేటట్టు రాజీ కుదిరింది.