ఓటరు చదువలేని ఓటు: బ్యాలెట్ పత్రముపై క్యూఆర్ కోడు

పరభాషా రాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములకు ఒక పాత అనుభవము క్రొత్త కాదు. ఇంటిలో మాటలాడునది తెలుగు; దస్తావేజు వ్రాయబడునది కన్నడముననో, తమిళముననో, ఒడియాలోనో, మరాఠీలోనో. లేఖరి దానిని చదివి వినిపించును. లిపి రాని రైతు తల యూపి వేలిముద్ర వేయును. లేఖరి నోట విన్నదియు, కాగితముపై నున్నదియు సాధారణముగా ఒక్కటియే యగును. కాని వ్యాజ్యము వచ్చిననాడు న్యాయస్థానము చూచునది లేఖరి చదివిన మాటను గాదు, కాగితముపై నున్న అక్షరమును. ఆ అక్షరమును రైతు ఏనాడును చదివి యుండలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని జార్జియాలో 2020 నుండి సాగిన బ్యాలెట్ వివాదము సరిగా ఇట్టిదే. అట్లాంటా నగర ప్రాంతములోని ఫుల్టన్, ఫోర్సైత్ కౌంటీలలో స్థిరపడి పౌరసత్వము పొందిన తెలుగువారును ఆ యంత్రముల మీదనే ఓటు వేసిరి గనుక ఈ విషయము మనవారికి కేవలము పరాయిది కాదు.

జార్జియా రాష్ట్రము 2002 నుండి 2019 వఱకు కాగితమే లేని యంత్రములతో ఎన్నికలు జరిపెను. ఓటరు తెరను తాకును. ఓటు యంత్రములో నిలుచును. తిరిగి చూచుకొనుటకు ఏ ఆధారమును మిగులదు. ఈ పద్ధతి నమ్మదగినది కాదని కొందఱు ఓటర్లు వ్యాజ్యము వేయగా, ఫెడరల్ న్యాయమూర్తి ఏమీ టోటెన్‌బర్గ్ 2019 ఆగస్టులో ఆ యంత్రములను ఆ సంవత్సరాంతముతో విరమింపవలెనని ఆజ్ఞాపించిరి. అంతకు ముందే శాసనసభ క్రొత్త చట్టము చేసి, ఓటరు సరిచూచుకొనదగిన కాగితపు బ్యాలెట్ ఉండవలెనని విధించియుండెను. రాష్ట్రప్రభుత్వము డొమినియన్ అను సంస్థ నుండి సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు క్రొత్త యంత్రములు కొనెను.

క్రొత్త పద్ధతి ఇట్లుండెను. ఓటరు తెరపై తన అభ్యర్థులను ఎన్నుకొనును. ప్రక్కనున్న ముద్రణ యంత్రము ఒక కాగితమును వెలువరించును. దానిపై రెండు భాగములు: ఒకటి నలుపు తెలుపు గడులతో నిండిన క్యూఆర్ కోడు, రెండవది, ఏ పదవికి ఎవరిని ఎన్నుకొనెనో తెలుపు అక్షరముల పట్టిక. ఓటరు ఆ పట్టికను చదువుకొని, కాగితమును వేఱొక యంత్రములో వేయును. ఆ రెండవ యంత్రము లెక్కించునది పట్టికను గాదు, క్యూఆర్ కోడును మాత్రమే. మనుష్యుడు చదివినది ఒకటి, లెక్కకు వచ్చినది మఱియొకటి. రెండును సమానమని యంత్రము చెప్పవలసినదే గాని ఓటరు స్వయముగా తెలిసికొనజాలడు.

ఇచ్చట ఒక భ్రాంతిని తొలగించుట అవసరము. క్యూఆర్ కోడు తనంత తాను నమ్మదగనిది కాదు. జపాను దేశపు డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారాయు ఆయన సహచరులును 1994లో మోటారు వాహనముల విడిభాగములను గుర్తించుటకై దీనిని కల్పించిరి. మూడు మూలల నుండు చతురస్రముల వలన యంత్రము దానిని ఏ దిక్కు నుండి చూచినను పట్టుకొనగలదు. కోడులో కొంత విషయము గణితరీత్యా మఱల మఱల నిక్షిప్తమై యుండుటచే, మిక్కిలి దృఢమైన స్థాయిలో ముద్రించినప్పుడు సుమారు 30 శాతము చెడినను తక్కినదానితో మొత్తమును తిరిగి కూర్చుకొనవచ్చును. కోడు సరిగా చదువబడుచున్నదా అను ప్రశ్నకు కావున సమాధానము చాలవఱకు తృప్తికరమే. కోడులో నున్నది ఓటరు కోరినదేనా అనునది వేఱు ప్రశ్న. వివాదమంతయు ఈ రెండవదానిని గుఱించి.

కూరగాయల బండి మీద సైతము నేడు క్యూఆర్ కోడు వ్రేలాడుచున్నదే, అచ్చట రాని సందేహము ఇచ్చట ఏల యని పాఠకులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. బండి యొద్ద కొనువాని చేతి ఫోనుపై వెంటనే అమ్మువాని పేరు కనిపించును. ప్రక్కనున్న చిన్న పెట్టె ముట్టిన సొమ్మును బిగ్గరగా చెప్పును. మరునాడు బ్యాంకు లెక్కలో చూచుకొనవచ్చును. తప్పు జరిగినచో ఇరువురికిని తెలియును. ఓటు రహస్యము. వేసినవాని పేరు దానిపై ఉండరాదు, లెక్కింపు పిదప నీ ఓటు ఇట్లు చేరినదని ఎవ్వరును రశీదు పంపరాదు. కావున ఓటరు తన ఓటును సరిచూచుకొనగల క్షణము ఒక్కటే: కాగితము చేతిలో నున్న క్షణము. ఆ క్షణమున చదువలేనిదానిని అతడు ఇక ఎన్నడును చదువలేడు.

2020 అక్టోబరులో న్యాయమూర్తి టోటెన్‌బర్గ్ ఈ లోపమునే గుర్తించిరి. లెక్కింపు ఓటరు చదువలేని కోడు నుండియే జరుగుచున్నది గనుక, చట్టము కోరిన సరిచూచుకొనదగిన బ్యాలెట్ ఇది కాదని వ్రాసిరి. ఐనను ఎన్నిక ముంగిట నిలిచియున్నందున పద్ధతిని మార్చుమని ఆజ్ఞాపింపలేదు. ఆ వ్యాజ్యములో సాక్షిగా నిలిచిన మిచిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ యంత్రమును పరీక్షించి, యంత్రమును చేజిక్కించుకొన్నవాడు కోడును మార్చగలడనియు, అక్షరముల పట్టికను మాత్రము యథాతథముగా ఉంచగలడనియు నిరూపించెను. 2021లో వ్రాయబడిన ఆ నివేదిక 2023 జూను వఱకు ముద్ర వేయబడియే యుండెను. 2022 జూనులో అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థ ఆ లోపములను అంగీకరించుచు హెచ్చరిక వెలువరించెను. ఏ ఎన్నికలోనైనను వానిని ఎవరైనను వినియోగించినట్లు ఆధారము లేదని ఆ హెచ్చరికలోనే చెప్పెను. డొమినియన్ కోరికపై మైటర్ అను సంస్థ వ్రాసిన మఱియొక నివేదిక, అట్టి దాడి ఆచరణలో సాధ్యము కాదని వాదించెను. 2021 జనవరిలో కాఫీ కౌంటీ ఎన్నికల కార్యాలయములో బయటివారు ప్రవేశించి సాఫ్ట్‌వేరు ప్రతులు తీసికొనిపోయిన పిమ్మట ఆ వాదము కొంత బలహీనపడెనని చెప్పక తప్పదు.

లోపము ఉండుట వేఱు, మోసము జరుగుట వేఱు. 2020 అధ్యక్ష ఎన్నిక పిదప జార్జియాలో సుమారు 50 లక్షల బ్యాలెట్లను మనుష్యులు చేతితో లెక్కించిరి. వారు చూచినది కోడును గాదు, అక్షరములను. విజేత మారలేదు. ఆ ఎన్నిక దొంగిలింపబడెనని ఊరూరను ప్రచారము చేసినవారు ఈ లెక్కను మఱచిరి. క్యూఆర్ కోడుపై శాస్త్రజ్ఞులు తెలిపిన సందేహమునకు ఆ ప్రచారము చేసిన హాని అల్పము కాదు; న్యాయమైన ప్రశ్న అడిగినవాడు సైతము వదంతి మోయువాని వలె కనిపింపవలసి వచ్చెను.

అక్షరముల విలువ 2022 మేలో డికాల్బ్ కౌంటీలో మఱింత స్పష్టమైనది. కౌంటీ పాలకమండలి స్థానమునకు జరిగిన పార్టీ ప్రాథమిక ఎన్నికలో యంత్రముల లెక్క ప్రకారము ఒక అభ్యర్థిని మూడవ స్థానమున నిలిచెను. పలు పోలింగు కేంద్రములలో ఆమెకు పోలింగు నాటి ఓట్లు సున్న. తాను స్వయముగా ఓటు వేసిన కేంద్రములో గూడ సున్నయే! అభ్యర్థి యొకరు విరమించుకొనుట, నియోజకవర్గపు హద్దులు మారుట వలన యంత్రములలోని పట్టికలను సవరింపవలసి వచ్చెను. ఆ సవరణలలో పొరపాటు దొరలెను. చేతితో లెక్కింపగా ఆమె మొదటి స్థానమునకు వచ్చెను, పిదప జరిగిన తుది పోటీలో గెలిచెను. ఇందు దుర్మార్గుడు ఎవడును లేడు. ఒక గుమాస్తా పొరపాటు వంటిదే. ఐనను సున్న అను వింత సంఖ్య కంటబడుటచే అది బయటపడెను. ఆ సంఖ్య సున్నకు బదులు నలుబదియో ఏబదియో ఐయున్నచో ఎవరు శంకించియుందురు?

ఓటరు పట్టికను శ్రద్ధగా చదువును గదా యని కొందఱి సమాధానము. మిచిగన్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిన పరిశోధన దీనికి ప్రతికూలముగా నున్నది. నమూనా ఎన్నిక నొకదానిని జరిపి, 241 మంది పాల్గొనగా, ప్రతి కాగితముపైనను ఒక ఓటును వారు కావలెననియే తప్పుగా ముద్రించిరి. కాగితమును చూచుకొన్నవారు నూటికి 40 మంది. తప్పును కనుగొని అధికారికి చెప్పినవారు నూటికి ఏడుగురైనను లేరు. చదువదగిన భాగమునే చదువనివారు చదువలేని భాగమును గుఱించి ఏమి చేయుదురు? చేతితో గడి నింపు కాగితములో ఈ చిక్కు లేదు; తన చేతి గుర్తును తానే మఱల చదువనక్కఱలేదు. చూపు లేనివారికిని, చేయి స్వాధీనములో లేనివారికిని యంత్రము గొప్ప సహాయమే. వారి కొఱకు దానిని ఉంచుట న్యాయము.

కొలరాడో రాష్ట్రము 2019లోనే క్యూఆర్ కోడు నుండి లెక్కించుట మానుకొందునని ప్రకటించెను. జార్జియా శాసనసభ 2024లో చట్టము చేసి, అక్షరముల భాగమే అధికారిక ఓటు అనియు, 2026 జూలై 1 నుండి కోడు ద్వారా లెక్కింపరాదనియు నిర్ణయించెను. పాత వ్యాజ్యము మాత్రము 2025 మార్చిలో, దావా వేయుటకు వాదులకు చట్టరీత్యా అర్హత లేదను కారణముపై ముగిసెను.

భారతదేశమునకు ఈ చర్చ మఱియొక మార్గమున వచ్చినది. 1951-52 ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె చొప్పున ఉంచి దానిపై చిహ్నమును అంటించిరి. అక్షరము రానివాడును తన ఓటు ఎందు పడినదో కంటితో చూచెను. నేటి వీవీప్యాట్ యంత్రములో క్రమసంఖ్య, పేరు, చిహ్నము గల చీటి ఏడు సెకనులు అద్దము వెనుక కనిపించి పెట్టెలో పడును. పేర్లు ఏ లిపిలో ముద్రింపబడినను, హోసూరులోని తెలుగు వృద్ధురాలికి చిహ్నము చాలును. 2019 ఏప్రిల్‌లో నారా చంద్రబాబునాయుడు మొదలగు ప్రతిపక్ష నాయకులు వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు, శాసనసభా స్థానమునకు ఒక్కొక్కటిగా నున్న చీటీల పరిశీలనను ఐదు యంత్రములకు పెంచెను. 2024 ఏప్రిల్ 26న ఇచ్చిన మఱియొక తీర్పులో, చీటీలను యంత్రముతో లెక్కింపవచ్చునా, చిహ్నముతో పాటు పార్టీకొక బార్‌కోడు ముద్రింపవచ్చునా అను సూచనను పరిశీలింపుడని ఎన్నికల సంఘమునకు చెప్పెను.

బార్‌కోడు వచ్చినచో లెక్కింపు వేగిరపడును. ఐదు యంత్రముల చీటీలనే గాక అన్నిటిని లెక్కించుటయు సులభమగును. అందు మేలు లేకపోలేదు. ప్రస్తుత నియమముల ప్రకారము యంత్రపు లెక్కకును చీటీల లెక్కకును భేదము వచ్చినచో చీటీలదే పైచేయి. చీటిపై రెండు భాగములు ఏర్పడిననాడు ఆ నియమములో ఒక మాట చేర్పవలసియుండును: బార్‌కోడునకును చిహ్నమునకును భేదము వచ్చినచో ఓటరు చూచిన చిహ్నమే ఓటు అని.