మన కరెంటు శ్రీలంకకు పోవడం లేదు

వేసవి రాత్రి కరెంటు పోతే మా చెన్నై తిరువొత్తియూరులో వినబడే మాట, "మనదంతా శ్రీలంకకు, బంగ్లాదేశ్‌కు అమ్మేస్తున్నారు" అని. ఆ కోపమంతా చివరికి ఫ్యూజు వెయ్యడానికొచ్చిన లైన్‌మ్యాన్ మీద పడుతోంది. చీకట్లో పనిచేసే మనిషిని చుట్టుముట్టి తిడితే కరెంటు ఇంకా ఆలస్యమవుతుంది తప్ప త్వరగా రాదు.

శ్రీలంకకు మన దేశం నుంచి ఒక్క లైను కూడా లేదు. సముద్రం దాటించి గ్రిడ్‌లు కలపాలని ఏళ్ల తరబడి చర్చలు సాగాయి, 2025 ఏప్రిల్‌లో అవగాహన ఒప్పందం కుదిరింది. అంతవరకే. తీగే లేనప్పుడు కరెంటు ఎలా పోతుంది? బంగ్లాదేశ్‌కు పోయే మాట నిజమే. 2013లో అక్కడి భేరామారా దగ్గర 500 మెగావాట్లతో మొదలై 2018లో వెయ్యికి పెరిగింది. జార్ఖండ్‌లోని గొడ్డా ప్లాంటునైతే ఆ దేశానికి అమ్మడానికే కట్టారు. దాంతో పోల్చి చూస్తే, తమిళనాడు ఒక్కటే 2024 వేసవిలో 20 వేల మెగావాట్లు దాటి వాడింది. పైగా పొరుగు దేశాలతో కరెంటు వ్యాపారం ఇచ్చిపుచ్చుకునే బేరం. వానాకాలంలో నదులు నిండినప్పుడు నేపాల్ మనకు అమ్ముతుంది, చలికాలంలో కొనుక్కుంటుంది.

అసలు మీ వీధి చీకటై పక్క వీధి వెలుగుతుంటే, అది ఏ దేశానికో అమ్మినందువల్ల ఎలా అవుతుంది? రాత్రి పదింటికి ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అవుతాయి. లోడు పెరిగి పిల్లర్ బాక్సులో ఫ్యూజు కాలుతుంది, లేదంటే భూమిలోని కేబుల్ దెబ్బతింటుంది. రోగం వీధి మలుపులోనే ఉంది.

ఎన్నూరు విద్యుత్ కేంద్రం పక్కనే ఉంది కాబట్టి మనకు కరెంటు పోకూడదన్నది ఇంకో వాదన. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది, మనకని విడిగా ఉండదు. ఇక ఇంటి కరెంటు రేటు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, పొరుగు దేశం కాదు.

ఒక్క భయం మాత్రం కొట్టిపారేయలేనిది: కలిసిన గ్రిడ్‌లు కలిసే కూలొచ్చు. 2012 జూలైలో ఉత్తరాది, తూర్పు, ఈశాన్యం చీకటైతే, అప్పటికి పూర్తిగా కలవని దక్షిణాది నిలబడింది. 2013 డిసెంబర్ 31న మనమూ కలిశాం. అయితే ఒంటరి గ్రిడ్‌కూ భరోసా లేదు. 2025 ఫిబ్రవరి 9న ఒక కోతి సబ్‌స్టేషన్‌లో దూరితే శ్రీలంక అంతా కరెంటు పోయింది.

కాబట్టి కరెంటు పోగానే విద్యుత్ ఫిర్యాదుల కేంద్రం మిన్నగం నంబరు 94987 94987కి ఫోన్ చేసి, బిల్లు మీది సర్వీసు నంబరు చెప్పండి. మూత ఊడిన పిల్లర్ బాక్సును ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ఏసీ కొత్తగా పెట్టించుకుంటే లోడు పెంచమని అర్జీ పెట్టండి. వీధిలో రోజూ ఫ్యూజు పోతుంటే అందరూ సంతకాలు చేసి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ అడగండి.