గోడకెక్కే పటానికి ఎన్ని చుక్కలు కావాలి?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల ఫొటో స్టూడియోల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: ‘‘ఈ ఫొటోను పెద్దది చేసి పటం కట్టివ్వండి.’’ ఇంటి పెద్ద కన్నుమూశాక, పెద్ద కర్మ దగ్గర పడుతున్న వేళ, బంధువులెవరో ఫోను తీసి ఒక ఫొటో చూపిస్తారు. అది ఏ పెళ్లిలోనో పది మంది మధ్య తీసినదై ఉంటుంది. ఫోనులో చూస్తే ముఖం చక్కగానే ఉంటుంది. తీరా పటం చేతికొచ్చాక కళ్లు, మీసాలు అలికేసినట్లు కనపడతాయి. స్టూడియో వారు సరిగా చేయలేదని ఇంటి వారు నొచ్చుకుంటారు. తెచ్చిన ఫొటోయే బాగా లేదని స్టూడియో వారు అంటారు. నిజానికి తేడా వచ్చింది లెక్కలో. ఎంత పటానికి ఎంత ఫొటో కావాలన్న లెక్క పల్లెల్లో చాలామందికి తెలియదు. అది చిన్నప్పుడు బడిలో నేర్చిన గుణకారానికి మించినదేమీ కాదు.

పలక మీద గళ్లు

పలక అంటే మార్కాపురం గుర్తొస్తుంది. ఆ పలక మీదే ఈ సంగతి తేల్చుకోవచ్చు. పలకపై అడ్డంగా పది, నిలువుగా పది గళ్లు గీస్తే మొత్తం నూరు గళ్లు. ఒక్కో గడిని తెల్లగానో, నల్లగానో నింపుతూ ఒక ముఖం వేయాలి. కళ్లకు రెండు గళ్లు, ముక్కుకు ఒకటి, నోటికి రెండు. మనిషి ముఖమని తెలుస్తుంది గాని ఎవరి ముఖమో తెలియదు. అదే పలకపై వందేసి గళ్లు గీస్తే పదివేలవుతాయి. అప్పుడు పోలిక కొంత వస్తుంది.

డిజిటల్ ఫొటో అంటే ఇదే. ఆ గడినే పిక్సెల్ అంటారు. మన స్టూడియోల వారు చుక్క అన్నా అదే. 1975లో అమెరికాలో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారు చేసిన తొలి డిజిటల్ కెమెరాలో సరిగ్గా పలక లెక్కే ఉండేది: వంద అడ్డం, వంద నిలువు, మొత్తం పదివేల చుక్కలు. ఇప్పుడు మామూలు ఫోను కూడా కోటికి పైగా చుక్కలతో ఫొటో తీస్తోంది. పది లక్షల చుక్కలను ఒక మెగాపిక్సెల్ అంటారు.

ఫొటోను ‘పెద్దది చేయడం’ అంటే చుక్కలు పెంచడం కాదు. ఉన్న చుక్కలనే పెద్ద కాగితం మీద పరచడం. శేరు విత్తనాన్ని కుంటలో చల్లినా, ఎకరంలో చల్లినా గింజలు అవే. ఎకరంలో మొలకలు పలచబడతాయి. ఫొటో కూడా అంతే.

అడుగు దూరానికి మూడు వందలు

మరి ఎన్ని చుక్కలుంటే చాలు? అది చూసే కంటిని బట్టి, చూసే దూరాన్ని బట్టి ఉంటుంది. మంచి చూపున్న మనిషి ఫొటోను అడుగు దూరంలో పట్టుకుని చూసినప్పుడు, అంగుళానికి 300 దాకా చుక్కలుంటే వాటిని విడివిడిగా గుర్తు పట్టలేడు. అంతా ఒకటే బొమ్మలా కలిసిపోతుంది. ఫొటో ల్యాబులు అంగుళానికి 300 అడిగేది ఇందుకే.

దూరం పెరిగే కొద్దీ ఈ అవసరం తగ్గుతుంది. రెండడుగుల దూరానికి అంగుళానికి 150 చాలు. ఐదడుగులకు 60. పదడుగులకు 30. మూడు వందలను చూసే దూరంతో, అడుగుల లెక్కన భాగిస్తే సరి.

చేతిలో పట్టుకుని చూసే ఫొటోలకు ఈ లెక్క ఇలా వస్తుంది. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు సైజుకు అడ్డం 413, నిలువు 531 చుక్కలు చాలు. మొత్తం రెండు లక్షల పైచిలుకే. అమెరికా వీసాకు అడిగే రెండంగుళాల చదరపు ఫొటోను కంప్యూటరులో ఎక్కించాలంటే కనీసం 600×600 ఉండాలంటారు. రెండంగుళాలను 300తో హెచ్చిస్తే వచ్చేది అదే. ఆల్బంలో పెట్టే 4×6 ఫొటోకు 1200×1800, అంటే రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం పైన. 8×10కి 2400×3000, అంటే ఏడుకు పైన. 12×18 అయితే పందొమ్మిది దాటుతుంది.

సైజు రెట్టింపయితే చుక్కల అవసరం రెట్టింపు కాదు, నాలుగింతలు. అడ్డమూ పెరుగుతుంది, నిలువూ పెరుగుతుంది కదా! పాస్‌పోర్టు ఫొటోకు సరిపోయినది పటానికి చాలకపోవడానికి కారణం ఇదే.

ఫ్లెక్సీకి తక్కువే చాలు

చౌరస్తాలో కట్టే పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీకి ఎంత పెద్ద ఫొటో కావాలోనని జనం అనుకుంటారు. దాన్ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు. బస్సులోంచో, రోడ్డు అవతలి నుంచో చూస్తారు. పదడుగుల దూరానికి అంగుళానికి 30 చుక్కల లెక్కన చూస్తే 3600×2160 చాలు. ఎనిమిది మెగాపిక్సెళ్ల లోపే. చేతిలో పట్టుకునే 8×10 ఫొటోకు పట్టేది కూడా దాదాపు అంతే! కాకపోతే ఆ ఫ్లెక్సీ మీద ఒకరి ముఖమే నాలుగడుగులు వేయాలంటే, ఆ ఒక్క ముఖానికే 1400కు పైగా చుక్కలుండాలి. ముఖాలు కొన్ని బాగా, కొన్ని మసకగా ఉండే ఫ్లెక్సీలు కనిపించేది, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చిన్నా పెద్దా ఫొటోలను కత్తిరించి ఒకచోట అతికించడం వల్ల.

టీవీ సంగతీ తమాషాయే. ఫుల్ హెచ్‌డీ టీవీ చిన్నదైనా పెద్దదైనా దాని తెరపై ఉండేవి 1920×1080 చుక్కలే. రెండు మెగాపిక్సెళ్లు. ఫోర్‌కే టీవీకి ఎనిమిది పైన. అందుకే ఫోనులో, టీవీలో బాగున్నంత మాత్రాన కాగితం మీద బాగుంటుందని చెప్పలేం.

పెళ్లి ఆల్బంలో తెరిచిన పుట మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో 6000 చుక్కల వెడల్పు. దాన్ని పుట నిండా పరిస్తే అంగుళానికి 166 పడతాయి. ఆల్బంను ఒళ్లో పెట్టుకుని రెండడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి అది సరిపోతుంది. ఒక మూలనున్న పెళ్లికూతురు ముఖాన్ని మాత్రమే కత్తిరించి పుట నిండా వేయమంటే మాత్రం చాలదు.

నెగెటివ్ రోజుల్లోనూ ఇంతే

ఈ లెక్క కొత్తగా పుట్టింది కాదు. 1880ల్లో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ పెద్ద పెద్ద గాజు పలకలను మోయించుకుని తిరిగేవారు. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద గాజు పలకే కావాలి మరి. తర్వాత బరోడాలో తయారై ఊరూరా తిరిగిన ఆగ్ఫా క్లిక్ కెమెరాలో ఫిల్ము ముక్క ఆరు సెంటీమీటర్ల చదరం. చుట్టకు పన్నెండు ఫొటోలే వచ్చేవి. ఆ తర్వాత వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫిల్ములో 36 ఫొటోలు వచ్చినా, ఒక్కో నెగెటివ్ వైశాల్యం పాతదానిలో మూడో వంతు కూడా లేదు. పెద్ద పటానికి పాత పెద్ద నెగెటివే మేలని ఆనాటి ఫొటోగ్రాఫర్లు అనడం ఇందుకే.

పాత పెట్టెల్లో నెగెటివ్‌లుంటే పారేయరాదు. మామూలు 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను అంగుళానికి 2400 చొప్పున స్కాన్ చేయిస్తే ఏడు మెగాపిక్సెళ్లకు పైగా వస్తుంది. 8×10 పటానికి అది చాలు. నెగెటివ్ లేక చిన్న పాత ఫొటో మాత్రమే మిగిలితే, అద్దం కింది నుంచి జాగ్రత్తగా తీసి అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేయించాలి. అద్దంతో సహా ఫోనుతో తీస్తే వెలుతురు తళుకు ముఖం మీద పడుతుంది. జిరాక్సు కాపీ నుంచి, ఆధార్ కార్డు మీది బొమ్మ నుంచి పటం కట్టించాలనుకోవడం వృథా ప్రయాస.

దారిలో చిక్కిపోయే ఫొటో

పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన పిల్లలు అక్కడి నుంచి ఫొటోలు పంపుతుంటారు. మామూలుగా వాట్సప్‌లో పంపిన ఫొటో దారిలోనే చిక్కిపోతుంది. 4000 చుక్కల వెడల్పున్నది సుమారు 1600కు తగ్గిపోతుంది. దాన్ని మరొకరికి, వారు ఇంకొకరికి పంపితే నాణ్యత ఇంకా దిగజారవచ్చు. 2023లో వచ్చిన హెచ్‌డీ పద్ధతిలో కొంత మేలు. ‘డాక్యుమెంటు’గా పంపితే ఫొటో ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. స్టూడియోకు వెళ్లేటప్పుడు ఫొటో తీసిన ఫోనునే వెంట తీసుకువెళ్లడం అన్నిటికన్నా మంచిది.

పటం విషయంలో దెబ్బతినేది ఇక్కడే. ఇరవై మంది రెండు వరసల్లో నిలబడిన గ్రూపు ఫొటో 4000 చుక్కల వెడల్పు ఉందనుకుందాం. అందులో ఒకరి ముఖానికి దక్కేది సుమారు 150 చుక్కల వెడల్పు. వాట్సప్‌లో వచ్చినదైతే అది 60కి పడిపోతుంది. దాంతో గోడ పటం చేస్తే ముఖం నాలుగంగుళాలుంటుంది. అంగుళానికి 15 చుక్కలు! ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తే తప్ప ఆ ముఖం కుదురుగా కనపడదు.

పటాన్ని అంత దూరం నుంచి ఎవరూ చూడరు. మామూలుగా ఐదారడుగుల నుంచి చూసినా, బొట్టు పెట్టేటప్పుడు, దండ వేసేటప్పుడు దగ్గరకు వెళ్లక తప్పదు. అందుకని పటానికి అంగుళానికి 150 చుక్కలకు తగ్గకుండా చూసుకోవాలి. 12×15 పటానికి అడ్డం 1800, నిలువు 2250. నాలుగు మెగాపిక్సెళ్లు. ఇప్పుడున్న ఏ ఫోనైనా, ఒక్క మనిషిని దగ్గర నుంచి తీస్తే, ఇంతకు మూడింతలు ఇస్తుంది.

ఉన్నది గ్రూపు ఫొటో ఒక్కటే అయితే పటం సైజు తగ్గించుకోవడమే దారి. 150 చుక్కల ముఖాన్ని అంగుళం వెడల్పుకు వేస్తే స్పష్టంగానే ఉంటుంది. పెద్ద పటంలో చెదిరిన ముఖం కన్నా చిన్న పటంలో పోలిక చెడని ముఖం నయం.

కంప్యూటరు అతికే ముఖం

మసక ఫొటోను ఒక్క నొక్కుతో మెరిపించే కంప్యూటరు పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. అవి లేని చుక్కలను వెతికి తేలేవు. లక్షల ముఖాలను చూసి నేర్చుకున్నదాన్ని బట్టి, ఇక్కడ కన్ను ఇలా ఉండి ఉంటుందని ఊహించి కొత్తగా గీస్తాయి. చర్మం నున్నగా, కళ్లు మిలమిలలాడుతూ వస్తాయి. పెదవి పక్కన మచ్చ, నుదుటి ముడత, ఒకవైపు ఒరిగే నవ్వు పోతాయి. ఊరి వారు చూసి బాగుందంటారు. ఇంటి వారికి మాత్రం ఎవరో పరాయి మనిషిని చూసినట్లుంటుంది. ఈ పద్ధతి వాడితే అసలు ఫొటోను పక్కన పెట్టుకుని పోల్చి చూశాకే పటానికి ఒప్పుకోవాలి.

ముందే తీసి ఉంచాలి

బతికున్న మనిషికి పటం కోసం ఫొటో తీయడం అశుభమని కొందరు జంకుతారు. పటం కోసమని అనుకోనక్కర్లేదు. పండగకు కొత్త బట్టలు కట్టుకున్న రోజున ఇంటి పెద్దలను ఒక్కొక్కరినే పొద్దుటి ఎండలో, అరుగు నీడన కూర్చోబెట్టి తీస్తే చాలు. ఫోను వెనుక కెమెరాతోనే తీయాలి. జూమ్ వాడకుండా రెండడుగులు ముందుకు నడవాలి. చాలా ఫోన్లలో రెండింతల జూమ్ అంటే చుక్కల్లో నాలుగో వంతే మిగలడం. తల చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. ఫోను ఫొటోకు, ల్యాబు కాగితానికి పొడవు వెడల్పుల పొత్తు కుదరదు. 4×6 వేసేటప్పుడు తొమ్మిదో వంతు కోత పడుతుంది.

తీసిన ఫొటోను తగ్గించకుండా ఒక మెమరీ కార్డులోనో, పెన్‌డ్రైవులోనో దాచాలి. ఫోను పగిలినా, పోయినా అది మిగులుతుంది. వీలైతే ఒక 8×10 వెంటనే వేయించి ఇంట్లో ఉంచుకోవాలి. పెళ్లి ఫొటో చెడితే మళ్లీ తీయించుకోవడానికి మనుషులుంటారు. పోయినవారి విషయంలో ఆ అవకాశం ఉండదు. ఆ ముఖంలో ఎన్ని చుక్కలు మిగులుతాయన్నది ఫొటో తీసిన రోజునే తేలిపోతుంది.