నికొలాయ్ మురవ్యోవ్-అమూర్‌స్కీ

నికొలాయ్ నికొలాయెవిచ్ మురవ్యోవ్-అమూర్‌స్కీ (1809 ఆగస్టు 23 - 1881 నవంబరు 30) రష్యా సామ్రాజ్యానికి చెందిన సేనాని, పరిపాలకుడు. 1847 నుండి 1861 వరకు తూర్పు సైబీరియా గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు. రష్యా, చైనాల మధ్య అమూర్ నదిని సరిహద్దుగా నిర్ణయించిన ఐగున్ సంధిని కుదిర్చినవాడుగా ప్రసిద్ధుడు.

తొలి జీవితం

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ప్రభువంశంలో జన్మించాడు. కులీనుల పిల్లలకు శిక్షణనిచ్చే పేజ్ కోర్‌లో చదివి, 1828-29 నాటి తుర్కీ యుద్ధంలోను, 1831లో పోలండు తిరుగుబాటు అణచివేతలోను, అనంతరం కాకసస్‌లోను పోరాడాడు. 1846లో తూలా రాష్ట్ర గవర్నరయ్యాడు. అక్కడ తొమ్మిదిమంది భూస్వాముల చేత సంతకాలు చేయించి, అర్ధబానిస రైతులకు విముక్తి కల్పించాలన్న విన్నపాన్ని చక్రవర్తి మొదటి నికొలాయ్‌కి పంపాడు. అది ఫలించలేదు, అర్ధబానిసత్వం 1861లో గాని రద్దు కాలేదు. అయినా మరుసటి సంవత్సరమే, 38 ఏళ్ళ వయసులో, సైబీరియాలో సగభాగం అతని చేతికి వచ్చింది.

అమూర్ నది

1689 నాటి నెర్చిన్‌స్క్ సంధి ప్రకారం అమూర్ లోయ చైనా ఏలుబడిలో ఉండేది. పసిఫిక్ తీరానికి చేరాలంటే ఈ నదీమార్గం తప్పనిసరి అని మురవ్యోవ్ వాదించగా, చైనాతో వైరం వస్తుందని విదేశాంగ మంత్రి నెస్సెల్‌రోదె వ్యతిరేకించాడు. నది ముఖద్వారంలోకి సముద్ర నౌకలు ప్రవేశించగలవని 1849లో నావికుడు నెవెల్‌స్కోయ్ నిరూపించడంతో మురవ్యోవ్ వాదానికి బలం చేకూరింది. 1851లో నెర్చిన్‌స్క్ గనులలోని రైతులను కోసక్కులుగా మార్చి సైన్యాన్ని సమకూర్చుకున్నాడు. ఆ రైతులకు గని చాకిరీ తప్పింది గాని దాని స్థానంలో సైనిక సేవ వచ్చిపడింది. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, తీరరక్షణ నిమిత్తం పడవలపై దళాలను అమూర్ మీదుగా దింపాడు. 1856 శీతాకాలంలో ఎగువకు తిరిగివస్తున్న సైనికులలో పలువురు ఆకలితో మరణించారు.

1858 మే 28న చైనా ప్రతినిధి యీషాన్‌తో ఐగున్ సంధి కుదిరింది. నదికి ఉత్తరాన 6 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా భూమి రష్యాకు దక్కింది. యుద్ధం జరగలేదు గాని, ఇతర పాశ్చాత్య సేనలతోను, తైపింగ్ తిరుగుబాటుతోను చైనా సతమతమవుతున్న తరుణమది. అందుచేతనే చైనీయులు దీనిని అసమాన సంధిగా పరిగణిస్తారు. ఉత్తరపు గట్టున ఉన్న మంచూ గ్రామస్థులు అక్కడే ఉండవచ్చునని సంధిలో ఉన్నా, 1900లో రష్యా సేనలు వారిని తరిమివేశాయి. ఇది మురవ్యోవ్ మరణానంతరం జరిగిన విషయం.

ఈ సంధికి బహుమానంగా అతనికి కౌంట్ బిరుదు, "అమూర్‌స్కీ" (అమూర్‌కు చెందిన) అన్న ఉపనామం లభించాయి.

చివరి దశ

తూర్పు సైబీరియాను విభజించాలన్న తన ప్రతిపాదన తిరస్కరించబడటంతో 1861లో పదవి వీడాడు. భార్య ఫ్రెంచి వనిత. పారిస్‌లో స్థిరపడి అక్కడే మరణించాడు. ఖబారొవ్‌స్క్‌లో 1891లో నెలకొల్పిన అతని విగ్రహాన్ని సోవియట్ ప్రభుత్వం 1925లో తొలగించగా, 1992లో పునఃప్రతిష్ఠించారు. 2006లో విడుదలైన 5000 రూబుళ్ళ నోటుపై ఈ విగ్రహమే కనిపిస్తుంది. అస్థికలను పారిస్ నుండి తెచ్చి 1991లో వ్లాదివొస్తోక్‌లో ఖననం చేశారు.