కళాశాల జీవితం: విద్యార్థి పరిశోధన, డిజిటల్ భద్రత

నిమ్మనపల్లెకు చేరువనున్న మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో కళాశాల స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడే జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ దానికి స్వరాలు వ్రాశారు. ఇది అందరికీ తెలుసు. అయితే ఆనాటి విద్యార్థులు ఎక్కడ నివసించారు, ఎవరి ప్రక్కన కూర్చుండి భుజించారు? చరిత్ర అతిథిని తలచినంతగా విద్యార్థిని తలచదు.

డిగ్రీ విద్యార్థుల పరిశోధన ఈ లోటును కొంతైనా తీర్చగలదు. తరువాతి తరాల పూర్వ విద్యార్థులు మన మధ్యనే ఉన్నారు. ప్రత్యక్ష సాక్షుల మాటను విచారించి వ్రాయడం లూకా అనుసరించిన పద్ధతే (లూకా 1:1-4). హాస్టల్ రిజిస్టర్లు, ఫోటోలు, కరపత్రాలు కూడా సాక్ష్యాలే.

సేకరించినది నిలవాలంటే మరికొంత శ్రమ అవసరం. అను ఫాంటులో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా మారుతుంది, వెదకినా దొరకదు. కనుక యూనికోడ్‌లోకి మార్చాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరం లేని ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా మూగదే. ప్రతులు వేర్వేరు చోట్ల ఉండాలి.

అనుమతి విషయం కాపరులకు వేరుగా చెప్పనక్కరలేదు. పంక్తిలో తనను వేరుగా కూర్చోబెట్టారని ఒక వృద్ధుడు చెబితే, అది ఆయన ఒప్పుకున్న మేరకే బయటికి రావాలి. సీడీలలో మిగిలిన మన బి.డి. సిద్ధాంత వ్యాసాలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. సీడీలు చెడిపోక ముందే.