కొల్లేటి గట్ల మీద సైకిల్ యాత్ర

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేలలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీరు చేర్చగా, మిగులు నీటిని ఉప్పుటేరు బంగాళాఖాతంలో కలుపుతుంది. ఫ్రాన్సు ద్రాక్షతోటల పల్లెదారుల్లో సైకిలిస్టులను మిట్టపల్లాలు అలసటకు గురిచేస్తాయి. ఆ దారులకు భిన్నంగా, కొల్లేటి చుట్టుపక్కల ఏలూరు, కైకలూరు ప్రాంతాల్లో నేల దాదాపు చదునుగా ఉండడంతో గేర్లు లేని మామూలు సైకిలే సరిపోతుంది గాని, చేపల చెరువుల గట్ల మీద ఎదురుగాలి ఎత్తు రోడ్డులాగే పిక్కల సత్తువను పరీక్షిస్తుంది.

1999లో అభయారణ్యంగా ప్రకటితమైన ఈ సరస్సు, తడినేలల రక్షణకు ఉద్దేశించిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం జాబితాలో 2002లో చోటు పొందింది. కైకలూరు చెంతనున్న ఆటపాకలో అటవీశాఖ నీటి మధ్య నిలిపిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు, అంటే పెలికాన్ పక్షులు, పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. ఎండ ముదరని, గట్లు బురదగా లేని శీతకాలపు ఉదయాలే ఈ ప్రయాణానికి అనువైనవి.